ఎకో రిపోర్టుతో పాటు ఇంకో కాగితం ఇప్పించండి

తెలుగు రాష్ట్రాల గుండె డాక్టర్లందరికీ,

గుంటూరు కొత్తపేటలో మందుల షాపు నడుపుతున్నాను. డాక్టర్ల బోర్డులు, స్కానింగ్ సెంటర్లు, ల్యాబులు, ఇడ్లీ బళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండే వీధి మాది. మీ గదిలోంచి బయటికొచ్చిన పేషెంటు నేరుగా ఎక్కేది మా గుమ్మమే. చీటీ కౌంటరు మీద పెట్టి, నేను మందులు తీసేలోపు చేతిలో ఉన్న ఫైలు మెల్లగా నావైపు తిప్పుతారు. "అమ్మా, ఇందులో ఏం రాశారో కొంచెం చూసి చెబుతారా?"

ఆ ఫైళ్లలో ఒక రకాన్ని ఇట్టే పోల్చుకుంటాను, ఎందుకంటే అలాంటి ఫైలు మా ఇంటి బీరువాలో నాదీ ఒకటుంది. మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్. మీ చీటీల్లో ఎంవీపీ. ఈ ఉత్తరం దాని గురించే. మిమ్మల్ని అడిగేది కూడా ఒక్కటే: ఎకో రిపోర్టులో ఆ మాట రాసిన ప్రతిసారీ, దానితో పాటు తెలుగులో ఒక పేజీ కాగితం పేషెంటు చేతిలో పెట్టండి.

ఎందుకంటారా? మొన్నామధ్య ఒకావిడ కూతురి రిపోర్టు తెచ్చింది. "ఈఎఫ్ 62 శాతం" అన్నచోట బాల్‌పెన్నుతో రెండుసార్లు గీత గీసి ఉంది. "మా అమ్మాయి గుండె 62 పర్సెంటే పనిచేస్తోందంటండీ. మిగతా 38 ఏమైపోయినట్టు?" అంది. ఎవరి గుండైనా నిండిన రక్తాన్నంతా ఒక్క దెబ్బకి బయటికి నెట్టదని, సగం పైచిలుకు నెడితే చాలని, 55కీ 70కీ మధ్య ఉంటే నిక్షేపంగా ఉన్నట్టని చెప్పాను. చెప్పడానికి అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషం ముందే దొరక్క ఆవిడ రెండు రాత్రులు కూతురి మంచం పక్కన కూర్చుని పిల్ల ఊపిరి చూసుకుంటూ గడిపిందట.

మీమీద ఫిర్యాదు కాదిది. సాయంత్రం ఓపీలో బయట జనం ఎలా ఉంటారో రోజూ చూస్తున్నదాన్నే. స్టెంటు వేయాల్సినవాళ్లు, ఆయాసంతో కూర్చోలేనివాళ్లు వరసలో ఉండగా, వాల్వు కాస్త ఉబ్బిన పాతికేళ్ల పిల్లకి మీరివ్వగలిగింది రెండు నిమిషాలే. "ఏం ఫర్వాలేదమ్మా, చాలామందికి ఉంటుంది, టెన్షన్ పడకు" అంటారు. నూటికి తొంభైమంది విషయంలో అది నిజం కూడా. కానీ ఆ మాట మీ గదిలోనే ఉండిపోతుంది. ఇంటికి వెళ్లేది రిపోర్టు. అది ఇంగ్లీషులో ఉంటుంది, అందులో గుండె అని ఉంటుంది, వాల్వు అని ఉంటుంది. ఇక సాయంత్రానికి ఇంటికొచ్చే బంధువుల్లో తలో మాటా మొదలవుతుంది. పేషెంటు రాత్రి ఫోన్లో వెతుక్కుంటే మొదట కనపడేది ఆకస్మిక మరణం గురించే.

ఆ కాగితంలో ఏముండాలో నా ఊహ చెబుతాను. తప్పులుంటే దిద్దండి.

ముందు అసలిది ఏమిటో ఉండాలి. గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉన్న వాల్వుకి రెండు రేకులుంటాయి. కింది గది ముడుచుకున్నప్పుడు రక్తం పైకి పోకుండా ఆ రేకులు మూసుకుంటాయి. వాటిని కిందనుంచి సన్నటి తంత్రులు పట్టి ఉంచుతాయి. కొందరిలో రేకులు కాస్త మందంగా, వదులుగా, తంత్రులు కాస్త పొడుగ్గా ఉండటంవల్ల, దండెం మీద ఆరేసిన చీర గాలికి ఉబ్బినట్టు, మూసుకునే వేళ రేకులు పై గదివైపు ఉబ్బుతాయి. వాల్వు చుట్టు అంచు దాటి 2 మిల్లీమీటర్లో అంతకు మించో ఉబ్బితే ఎకోలో ప్రొలాప్స్ అని రాస్తారు. ఉబ్బినంత మాత్రాన నష్టమేమీ లేదు. రెండు రేకుల మధ్య సందు మిగిలి రక్తం ఎంత వెనక్కి కారుతోందన్నదే ముఖ్యం. రిపోర్టులో ఎంఆర్ అని ఉండేది దాని గురించే. పక్కన ట్రివియల్ అనో మైల్డ్ అనో ఉంటే ఒక దారి, మోడరేట్ అయితే ఇంకో దారి, సివియర్ అయితే వేరే దారి. మా షాపుకొచ్చేవాళ్లు ఎంవీపీ అన్న మాట దగ్గరే ఆగిపోతారు. కళ్లు పెట్టాల్సింది దాని పక్క మాట మీదని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

ఈ జబ్బు కథ నాకు భలే ఇష్టం, అందుకని రెండు ముక్కలు ఎక్కువే రాస్తాను, ఓర్చుకోండి. గుండె చప్పుళ్ల మధ్యలో 'క్లిక్'మనే చిన్న శబ్దాన్ని డాక్టర్లు చాలాకాలంగా వింటూనే ఉన్నారు. అది గుండె లోపలిది కాదు, బయటి పొరల్లో ఎక్కడో పుడుతోందని వదిలేసేవాళ్లు. దక్షిణాఫ్రికాలో జోహన్నెస్‌బర్గ్ డాక్టరు జాన్ బార్లో 1963లో, ఆ శబ్దాల మూలం మైట్రల్ వాల్వు దగ్గరే ఉందని గుండెలోకి రంగు మందు ఎక్కించి తీసిన ఎక్స్‌రే చిత్రాలతో చూపించాడు. 1966లో అమెరికా డాక్టరు క్రైలీ దానికి ప్రొలాప్స్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత ఎకో మిషన్లు వచ్చాయి. ఇక చూసినవాళ్లందరికీ ఎంవీపీయే. ఒక దశలో పడుచు ఆడవాళ్లలో నూటికి 17 మందికి ఉందని లెక్క తేలింది. అంతమందికి జబ్బుంటే దాన్ని జబ్బనాలా, ఒంటి తీరు అనాలా?

చిక్కు విప్పినవాడు బోస్టన్ డాక్టరు రాబర్ట్ లెవైన్. వాల్వు చుట్టు బల్లపరుపుగా ఉండదని, గుర్రపు జీను ఆకారంలో వంపు తిరిగి ఉంటుందని 1980లలో ఆయన బృందం తేల్చింది. కాబట్టి ఎకోలో ఒక కోణం నుంచి చూస్తే మామూలు వాల్వు కూడా ఉబ్బినట్టే కనిపిస్తుందన్నమాట. కొలిచే కోణం సరిచేసుకుని మళ్లీ లెక్కిస్తే, 1999లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పరిశీలనలో 3,491 మందిలో నిజంగా ఉన్నది 84 మందికి. అంటే నూటికి 2.4. అంతకు ముందు ముద్ర పడినవాళ్లలో ఎంతోమందికి అసలు ఆ జబ్బే లేదు.

ఈ కథ మీకు తెలియక చెప్పడం లేదు. పాతికేళ్ల కిందటి ఎకో కాగితం పసుపురంగుకి తిరిగినా ప్లాస్టిక్ కవర్లో దాచుకుని, ఇప్పటికీ మెట్లెక్కాలంటే జంకే పెద్దమ్మలు మా వీధిలోకి వస్తూనే ఉన్నారు. వాళ్లు మీ దగ్గరికి బీపీకో షుగరుకో వచ్చినప్పుడు ఒకసారి ఆ పాత మాటని పరీక్షించండి. లేకపోతే లేదని రాసి ఇవ్వండి. జబ్బు ఉందని చెప్పే రిపోర్టు ఎలా ఇస్తారో, లేదని చెప్పే రిపోర్టూ అలాగే సంతకం పెట్టి ఇవ్వాలి.

ఇక లక్షణాల సంగతి. ఇక్కడే పేషెంటుకీ డాక్టరుకీ పేచీ. ఫ్రామింగ్‌హామ్ వాళ్లే ఇంకో మాట తేల్చారు. ఛాతీనొప్పి, ఆయాసం ఈ వాల్వు ఉన్నవాళ్లలో ఎంతమందికో లేనివాళ్లలోనూ దాదాపు అంతమందికే ఉన్నాయట. అందుకే గుండెదడ, నీరసం, తల తిరగడం, కంగారు అన్నిటినీ కలిపి 'ఎంవీపీ సిండ్రోమ్' అనడం మీలో చాలామందికి నచ్చదు. వాల్వుకీ వీటికీ ముడి ఎంతన్నది నాకూ పట్టింపు లేదు. కానీ ముడి లేదనడం వేరు, బాధ లేదనడం వేరు. రాత్రి ఎడమవైపు తిరిగి పడుకుంటే గుండె పక్కటెముకల మీద కొడుతున్నట్టు వినిపించడం, ఉన్నట్టుండి ఒక దెబ్బ తప్పిపోయి తర్వాతిది గొంతులోకి తన్నినట్టు రావడం, ఇవి నాకు అనుభవం. ఆ తప్పిన దెబ్బ తప్పింది కాదని, ముందుగా తొందరపడి వచ్చేసిందని, ఆ తర్వాతి విరామంలో గుండె ఎక్కువ రక్తంతో నిండటంవల్లే తర్వాతి దెబ్బ అంత గట్టిగా తగులుతుందని ఒక హౌస్‌సర్జన్ కుర్రాడు చీటీ వెనక బొమ్మ గీసి చెప్పాడు. నాకు ఏ మాత్రా చేయని మేలు ఆ బొమ్మ చేసింది. ఎక్స్‌ట్రా బీట్లు అప్పుడూ వచ్చేవి, ఇప్పుడూ వస్తాయి. అవి వచ్చినప్పుడు లేచి కూర్చుని నాడి పట్టుకుని చూసుకోవడం మాత్రం పోయింది.

కాబట్టి ఆ కాగితంలో ఇంట్లో చేసుకోగలిగేవి ఉండాలి. ఎండాకాలంలో నీళ్లు బాగా తాగాలి. మన గుంటూరు ఎండల్లో ఒంట్లో నీరు తగ్గితే దడ పెరుగుతుంది, నాకు మే నెలంతా అదే గొడవ. కాఫీ, టీ పడనివాళ్లు తగ్గించుకోవాలి. నిద్ర చెడగొట్టుకోకూడదు. నడక మానకూడదు. వాల్వు పేరు విని చాలామంది మొదట మానేసేది నడకే, అది ఎంత పొరపాటో మీకు చెప్పక్కర్లేదు. దడ ఎక్కువగా ఉన్నవాళ్లకి మీరు ప్రొప్రనోలాలో మెటోప్రొలాలో చిన్న మోతాదులో రాస్తారు. ఆ మాత్రలు వాల్వుని బాగుచేయడానికి కాదని, దడ తగ్గించడానికని రాయాలి. ఉబ్బసం ఉంటే ముందే చెప్పమని రాయాలి. తనంతట తాను ఒక్కసారిగా ఆపేయొద్దని కొట్టొచ్చినట్టు రాయాలి. దడ తగ్గిందని మానేసి, నాలుగు రోజులకి రెట్టింపు దడతో మళ్లీ కౌంటరు దగ్గరికొచ్చేవాళ్లని చూస్తుంటాను.

భయం సంగతి కూడా అదే కాగితంలో ఒక్క వాక్యం రాయండి. దడ వస్తే భయం, భయానికి మళ్లీ దడ. దీన్ని 'మనసు జబ్బు' అని చిన్నబుచ్చితే పేషెంటు ఇంకో డాక్టరు దగ్గరికి, ఇంకో ఎకోకి పోతుంది. 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మా షాపులో ఆ నంబరు గాజుపలక మీద అంటించి పెట్టాను. గుండె ఓపీ గోడ మీద ఉంటే ఇంకా బాగుంటుంది, ఎందుకంటే గుండె డాక్టరు చెప్పాడంటే దానికి వేరే విలువ.

మన దగ్గర ఇంకో గందరగోళం ఉంది, పైదేశాల పుస్తకాల్లో కనపడనిది. మన ఊళ్లలో వాల్వు జబ్బంటే ఎక్కువమందికి తెలిసింది రుమాటిక్ జబ్బే. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్లవాపుల జ్వరం వచ్చి వాల్వు దెబ్బతిని, మూడు వారాలకోసారి పెనిసిలిన్ సూది వేయించుకునేవాళ్లు ప్రతి ఊళ్లో ఒకరిద్దరుంటారు. ఎంవీపీ అనగానే ఆ సూదులు, ఆ ఆయాసం, నలభై ఏళ్లకే ఆపరేషన్, అవన్నీ కళ్లముందు ఆడతాయి. "మా అమ్మాయికి కూడా పెనిడ్యూర్ వేయించాలాండీ?" అని అడిగినవాళ్లున్నారు. ఇది అది కాదు అన్న ఒక్క గీత కాగితంలో ఉంటే చాలు. "గుండెలో రంధ్రం" కూడా కాదని ఇంకో గీత.

పెళ్లి విషయం రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తున్నాను. రిపోర్టు నేనే ఉంచేసుకోమని, ఇంటికి తీసుకెళితే ఎవరైనా చూస్తారని చెప్పిన తల్లులున్నారు. సంబంధాలు చూస్తున్నారు కదా, 'గుండె జబ్బు పిల్ల' అంటే ఎవరొస్తారని వాళ్ల భయం. అవతలి పక్షం వాళ్ల భయం ఇంకో రకం, కాన్పు తట్టుకుంటుందా అని. లీకు లేనివాళ్లు, కొద్దిగా ఉన్నవాళ్లు మామూలుగానే గర్భం మోసి కంటున్నారన్నది మీకు రోజువారీ విషయం. నాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరూ మామూలు కాన్పులే. మీ పేరుతో అచ్చయిన కాగితంలో ఆ మాట ఉంటే దాచాల్సిన రిపోర్టు కాస్తా చూపించదగిన రిపోర్టు అవుతుంది. లీకు ఎక్కువున్నవాళ్లు గర్భానికి ముందే మిమ్మల్ని కలవాలన్నది కూడా అక్కడే ఉండాలి.

పళ్ల డాక్టర్ల దగ్గర ఇంకో తంటా. పన్ను తీయాలంటే ఎంవీపీ పేరు చెప్పగానే ముందుగా యాంటీబయాటిక్ రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మామూలు ఎంవీపీకి అది అక్కర్లేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లోనే చెప్పింది. కృత్రిమ వాల్వు ఉన్నవాళ్లకి, ఇదివరకు వాల్వుకి ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లకి మాత్రం కావాలి. పళ్లు శుభ్రంగా ఉంచుకోవడం అందరికీ కావాలి. మందులమ్ముకునేదాన్ని నేనే అక్కర్లేదంటున్నాను, మీరు రాయడానికేం?

అంతా బాగుందని చెప్పే కాగితం కూడా ప్రమాదమే. ఎప్పుడు పరిగెత్తుకు రావాలో అది చెప్పాలి. స్పృహ తప్పి పడిపోతే, పరిగెత్తేటప్పుడు కళ్లు బైర్లు కమ్మితే, దడ మొదలై ఎంతకీ ఆగకపోతే, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోతే, రోజుల తరబడి తగ్గని జ్వరం పట్టుకుంటే. మొన్నటిదాకా బాగున్న మనిషికి ఉన్నట్టుండి ఆయాసం ముంచుకొస్తే తంత్రి తెగి ఉండొచ్చు, ఆ రాత్రికి ఆగి తెల్లారి చూద్దామనుకోకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో చిన్నవయసులో హఠాత్తుగా పోయినవాళ్లుంటే అది ముందే చెప్పాలి. చాలా కొద్దిమందిలో ఈ వాల్వు ప్రమాదకరమైన లయ తప్పుదలకి దారితీస్తుందని, రేకు అంచు గుండె కండరం నుంచి విడివడి ఉండటం దానికొక గుర్తని ఈమధ్య బాగా చర్చ జరుగుతోంది. వాళ్లని హోల్టరుతోనో ఎంఆర్ఐతోనో వడకట్టడం మీ పని. ఆ కొద్దిమందిని పట్టుకోవాలంటే మిగతావాళ్లు ఊరికే భయపడి మీ వరండా నింపకుండా ఉండాలి కదా. మళ్లీ ఎకో ఎప్పుడన్న గడి కూడా పెట్టండి. లీకు మైల్డయితే మూడు నుంచి ఐదేళ్లకి, మోడరేటయితే ఏడాది రెండేళ్లకి, సివియరయితే ఆరు నెలల నుంచి ఏడాదికి అని మార్గదర్శకాలు చెబుతాయి. మా దగ్గర మాత్రం మైల్డు పిల్లలు ఏడాదికి రెండు ఎకోలు తీయించుకుంటుంటే, సివియరు పెద్దాయన మూడేళ్లుగా తీయించుకోకుండా చేలో తిరుగుతుంటాడు.

ఆపరేషన్ దాకా వచ్చినవాళ్ల గురించి సర్జన్లకి విడిగా ఒక మనవి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక వాల్వు ఆపరేషన్ కూలీనాలీ చేసుకునేవాడికీ అందింది. ఆంధ్రలో ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. ఆ మేలు మాటల్లో చెప్పలేం. అయితే ఎంవీపీలో చాలా వాల్వుల్ని తీసేయకుండా కుట్టి బాగుచేయొచ్చు. ఫ్రాన్స్‌లో అలాన్ కార్పెంతియర్ ఆ రిపేరు పద్ధతులకి ఒక రూపం ఇచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది. లోహపు వాల్వు వేస్తే జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమో వార్ఫరినో, దానికి నెలనెలా ఐఎన్ఆర్ పరీక్షా తప్పవు. తోటకూర పప్పు తినొచ్చా అన్న దగ్గర్నుంచి పిల్లల్ని కనొచ్చా అన్నదాకా ప్రతిదీ లెక్క చూసుకోవాల్సిందే. నా వాల్వు రిపేరవుతుందా, మార్చాల్సిందేనా, రిపేరు ఎక్కువగా చేసేవాళ్లు ఎక్కడున్నారు అని సంతకం పెట్టేముందు అడగొచ్చన్న సంగతే పేషెంటుకి తెలియదు. మీరే ముందుగా చెప్పండి.

కాగితం ఒక్కటే చాలదు, మనిషి కూడా కావాలి. అసిట్రోమ్ వాడేవాళ్లు ల్యాబు బెంచీ మీద కూర్చుని ఒకరికొకరు ఎంత నేర్పించుకుంటారో చూస్తుంటాను. నీ ఐఎన్ఆర్ ఎంత, నువ్వు మాత్ర ఏ పూట వేసుకుంటావు, పన్ను పీకించుకున్నప్పుడు ఏం చేశావు, అన్నీ అక్కడే. ఎంవీపీ వాళ్లకి ఆ బెంచీ కూడా లేదు, ఎందుకంటే జబ్బు చిన్నది. నెలకో శనివారం ఓపీ అయిపోయాక ఆ హాల్లోనే ఒక నర్సమ్మ గంటసేపు కూర్చుంటే చాలు. పదేళ్లుగా దీనితో బతుకుతున్నవాళ్లు వచ్చి కొత్తవాళ్ల పక్కన కూర్చుంటారు. నేనొస్తాను. సెప్టెంబరు 29న ప్రపంచ హృదయ దినం నాడు తెల్లటోపీలు పెట్టి, బెలూన్లు పట్టించి, పొద్దున్నే బ్రాడీపేట రోడ్ల మీద మమ్మల్ని నడిపిస్తారు. నడక మంచిదే. ఆ టోపీల డబ్బుతో ఎన్ని కాగితాలు అచ్చువేయొచ్చో కూడా ఒకసారి చూడండి.

ఎవరు రాయాలన్న ప్రశ్నకి పెద్ద కష్టం లేదు. నిమ్స్, స్విమ్స్, కేజీహెచ్, మా జీజీహెచ్ లాంటి చోట్ల కార్డియాలజీ పెద్దలు నలుగురు కూర్చుని ఒక పాఠం ఖాయం చేస్తే మిగతావాళ్లంతా అదే వాడుకోవచ్చు. షరతులు మూడు పెడతాను, ఏమనుకోవద్దు. మందుల కంపెనీ పేరు, బొమ్మ ఏమీ ఉండకూడదు. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, మా అత్తగారు కళ్లజోడు లేకుండా చదవగలగాలి. అచ్చుకి పోయేముందు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె గట్టిగా చదివి, అర్థం కానిచోట గీత గీయాలి.

పైన రాసిందంతా కుదించి ఒక పేజీలో పెట్టి ఉంచాను. ఎర్రపెన్నుతో దిద్ది, కింద మీలో ఎవరైనా ఒకరు సంతకం చేసి పంపండి. ఏ4 కాగితం, నల్ల ఇంకు, ఒకవైపే అచ్చు. మొదటి వెయ్యి కాపీల ఖర్చు మా షాపుది. ఎకో గదుల్లో పంచిపెట్టే పని మా కుర్రాడు చూసుకుంటాడు. రెండో వెయ్యికి ఎవరొస్తారో మీరే చూడండి.

ఇట్లు,
కొత్తపేట, గుంటూరు నుంచి ఒక మందుల షాపావిడ